84 వేల కొటేషన్‌ని కోద్దాం రండి: ఫ్రేమ్స్ మాత్రం తగ్గకూడదు

ఖమ్మం_కుర్రాడు | 12 ఫిబ్రవరి 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా నాన్న ఎట్టకేలకు ఒప్పుకున్నారు. మానిటర్‌తో కలిపి 70 వేలు, అంతకుమించి ఒక్క రూపాయి అడగొద్దన్నారు. కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ నా దగ్గరే ఉన్నాయి. ఆడేవి వాలరెంట్, జీటీఏ 5, ఫోర్జా హొరైజన్ 5. సైబర్‌పంక్ 2077 ఆడాలని మూడేళ్లుగా కోరిక. 1080పీ చాలు, 4కే ఆశలు లేవు.

మా ఊళ్లో ఒక షాపులో కొటేషన్ రాయించా. మానిటర్ లేకుండానే 83,900 అయింది. "ఇంతకంటే తగ్గిస్తే గేమ్స్ ఆగి ఆగి ఆడతాయి, తర్వాత నన్ననొద్దు" అన్నాడాయన. కాగితం మీద ఎలా ఉందో అలాగే పెడుతున్నా, జీఎస్టీ కలిపిన రేట్లే:

రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్: 16,200
లిక్విడ్ కూలర్ 240 ఎంఎం: 6,800
బీ550 గేమింగ్ వైఫై మదర్‌బోర్డు: 14,500
16 జీబీ ఆర్‌జీబీ ర్యామ్: 4,600
1 టీబీ జెన్4 ఎస్ఎస్‌డీ: 8,200
ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు: 18,300
750 వాట్ గోల్డ్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై): 8,400
గ్లాస్ క్యాబినెట్, 7 ఆర్‌జీబీ ఫ్యాన్లు: 6,900

ఇందులో ఏది కోస్తే పర్ఫార్మెన్స్ (సెకనుకి తెర మీదకొచ్చే బొమ్మలు, అదే ఫ్రేమ్స్) పోదు? ప్లీజ్, కొంచెం టెన్షన్‌గా ఉంది. ఈ ఆదివారం లోపు కొనకపోతే నాన్న మనసు మార్చుకునేలా ఉన్నారు.

ఫ్రేమ్స్_పిచ్చి | 12 ఫిబ్రవరి, రాత్రి 9:52

7 ఫ్యాన్లా! తమ్ముడూ, కంప్యూటర్ కొంటున్నావా, పెళ్లి మండపం బుక్ చేస్తున్నావా?

సీటీసీ_రెగ్యులర్ | 12 ఫిబ్రవరి, రాత్రి 10:15

నవ్వులాటకేం గానీ, ముందు రెండు విషయాలు చెప్పు. 3050 పక్కన ఎన్ని జీబీ అని రాశాడు? ర్యామ్ ఒక్క స్టిక్కా, రెండు ఎనిమిదులా?

ఖమ్మం_కుర్రాడు | 12 ఫిబ్రవరి, రాత్రి 10:31

అన్నా, ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. 3050 ఏమో 6 జీబీ అంట. ర్యామ్ ఒక్కటే 16 జీబీ స్టిక్. "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు, ఖాళీ ఉంటుంది" అన్నాడు.

సీటీసీ_రెగ్యులర్ | 12 ఫిబ్రవరి, రాత్రి 10:44

అనుకున్నా. 3050 అన్న పేరుతో రెండు కార్డులున్నాయి. 8 జీబీది 2022లో వచ్చింది, 6 జీబీది 2024లో. తేడా ఆ 2 జీబీ ఒక్కటే అయితే గొడవే లేదు. లోపల కోర్లు 2560 నుంచి 2304కి తగ్గించారు, మెమరీ బస్ (మెమరీకి డేటా పోయే దారి వెడల్పు) 128 బిట్ నుంచి 96కి తగ్గించారు, పేరు మాత్రం అదే ఉంచారు. కాగితం మీద ఉత్త "3050" అని రాస్తే ఏదిచ్చినా అబద్ధమాడినట్టు కాదు.

షాపాయన మోసగాడని నేననను. బయటికి కనిపించేవన్నీ ఖరీదైనవి వేసి, కనిపించనిదాంట్లో సర్దాడు. అడిగేవాళ్లు కూడా అలాగే అడుగుతారు కదా, "అన్నా లైట్లు వెలగాలి" అని.

బాటిల్‌నెక్_బాబాయ్ | 12 ఫిబ్రవరి, రాత్రి 11:20

నిద్ర పట్టక లెక్కేశా. ఆ కొటేషన్‌లో గ్రాఫిక్స్ కార్డు వాటా రూపాయికి 22 పైసలు. గేమ్ ఆడే కంప్యూటర్‌కి అది అన్యాయం. 1080పీలో హై సెట్టింగ్స్ పెట్టుకుని ఆడితే మోతంతా మోసేది కార్డే. ప్రాసెసర్ పక్కన నిలబడి వడ్డించేవాడు. వడ్డించేవాళ్లు ఎనిమిది మంది ఉండి, వంటవాడు ఒక్కడే ఉంటే భోజనం తొందరగా అందుతుందా?

ఒక్కోటీ చూద్దాం.

5700ఎక్స్‌లో 8 కోర్లు, 5600లో 6 కోర్లు. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) రెండింట్లోనూ 32 ఎంబీయే. నువ్వు చెప్పిన నాలుగు గేముల్లో ఈ కార్డుల మీద తేడా కనిపించదు. పైగా 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు, అందుకే ఆ లిక్విడ్ కూలర్ దూరింది. 5600కి డబ్బాలోనే కూలర్ వస్తుంది. 65 వాట్ల ప్రాసెసర్, దానికది చాలు. ఎండాకాలంలో ఫ్యాన్ కాస్త గోల చేస్తుంది, హెడ్‌సెట్ పెట్టుకుంటే వినపడదు. ఇక్కడొక్కచోటే 11,800 మిగిలింది.

బోర్డు: 14,500 దేనికి? ఆ డబ్బుతో వచ్చే హీట్‌సింకులు, వైఫై, లైట్లు 5600కి అక్కర్లేదు. మామూలు బీ550ఎం చాలు. ఇంట్లో రౌటర్ పక్క గదిలో ఉంటే ల్యాన్ కేబుల్ లాగు, వాలరెంట్‌కి పింగ్ కూడా నిలకడగా ఉంటుంది.

ఎస్ఎస్‌డీ: జెన్4కి, దాని ముందు తరం జెన్3కి గేమ్ లోడ్ అయ్యే టైములో తేడా ఒకటి రెండు సెకన్లు. అది నీళ్లు తాగే టైము కూడా కాదు.

నా లిస్టు ఇదీ. రేట్లు నిన్నటివి, అటూ ఇటూ రెండు మూడు వందలు ఉంటుంది:

రైజెన్ 5 5600: 11,200
బీ550ఎం: 8,300
8+8 జీబీ 3200 ర్యామ్: 3,500
1 టీబీ జెన్3: 5,100
ఆర్ఎక్స్ 6600 8 జీబీ: 20,400
550 వాట్ బ్రాంజ్ ఎస్ఎంపీఎస్: 4,300
మెష్ క్యాబినెట్: 3,600

మొత్తం 56,400. అంటే 27,500 తగ్గింది. కార్డు వాటా 36 పైసలకి ఎక్కింది. ఆర్ఎక్స్ 6600 అయితే 3050 పెద్దదాన్ని కూడా సులువుగా దాటేస్తుంది, 6 జీబీది అసలు పోటీలోనే లేదు. తగ్గిన డబ్బుకి ఫ్రేమ్స్ తగ్గకపోగా పెరుగుతాయి. రేపు మీ నాన్నగారికి ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించు.

కర్నూలు_కరెంట్ | 13 ఫిబ్రవరి, ఉదయం 7:05

బాబాయ్ లిస్టు బాగుంది, కానీ ఎస్ఎంపీఎస్ దగ్గర నేను ఆగుతా. 750 నుంచి 550కి దిగడం కరెక్టే. 6600 తాగేది 132 వాట్లు, ప్రాసెసర్ మహా అయితే 80-90. ఫ్యాన్లు, డిస్కులు అన్నీ కలిపినా 300 దాటదు. ఈ దిగడం ఇంకా కిందికి జారకూడదని నా భయం. రేపు షాపులో "500 వాట్స్, 1,200కే" అని ఊరూపేరూ లేని డబ్బా చూపిస్తారు.

నా కథ చెప్తా. 2021లో నేను కూడా అలాగే 2,600 మిగిల్చా. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు టపాకాయ పేలినట్టు చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. డబ్బా తీసి ఊపితే లోపల ఏదో గలగలమంది. పోతూ పోతూ బోర్డుని కూడా వెంట తీసుకుపోయింది. 2,600 మిగిల్చి 9 వేలు పోగొట్టుకున్నా.

ఇంకోటి, "80 ప్లస్ బ్రాంజ్" అన్న స్టిక్కర్ కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేదే. లోపలి భాగాల నాణ్యతకి, రక్షణకి అది గ్యారంటీ కాదు. మోడల్ పేరు పట్టుకుని రివ్యూలు చదివి, కనీసం ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకో.

గుంటూరు_గ్రాఫిక్స్ | 13 ఫిబ్రవరి, ఉదయం 8:30

నేనొకటి అంటా, కొట్టొద్దు. బీ550 ఎందుకు? బీ450 అయితే ఇంకో 2,500 మిగులుతుంది.

బాటిల్‌నెక్_బాబాయ్ | 13 ఫిబ్రవరి, ఉదయం 9:10

ఎవరు కొడతారమ్మా, మంచి ప్రశ్నే. 6600కి పీసీఐఈ లేన్లు (కార్డుకి, బోర్డుకి మధ్య డేటా దారులు) 16 కాదు, 8 మాత్రమే. బీ550లో అవి 4.0 వేగంతో నడుస్తాయి, బీ450లో 3.0తో. 8 జీబీ మెమరీ నిండనంతవరకు పెద్ద తేడా రాదు. నిండితే మాత్రం డేటా ఆ ఇరుకు సందులోంచే అటూ ఇటూ తిరగాలి, అక్కడ గేమ్ తడబడుతుంది. రెండోది, షాపులో చాలాకాలంగా ఉన్న బీ450 అయితే పాత బయాస్‌తో (బోర్డులో ముందే ఉండే సాఫ్ట్‌వేర్) వస్తుంది, 5600ని గుర్తుపట్టకపోవచ్చు. అప్డేట్ చేయించుకుని తీసుకుంటానంటే బీ450 కూడా తప్పేం కాదు. అదే 6500 ఎక్స్‌టీ లాంటి కార్డయితే లేన్లు నాలుగే, దాన్ని పాత బోర్డులో అస్సలు పెట్టకూడదు.

ఫ్రేమ్స్_పిచ్చి | 13 ఫిబ్రవరి, ఉదయం 9:34

మా ఫ్రెండ్ 5600జీ తీసుకోమంటున్నాడు. జీ అంటే గేమింగ్ అంట కదా?

సీటీసీ_రెగ్యులర్ | 13 ఫిబ్రవరి, ఉదయం 9:50

😀 జీ అంటే గ్రాఫిక్స్ లోపలే ఉందని. కార్డు కొనే ఉద్దేశం లేనివాళ్లకి అది మంచిది. కార్డు వేసుకునేవాళ్లకి నష్టం, ఎందుకంటే దాంట్లో ఎల్3 క్యాష్ 16 ఎంబీయే, మామూలు 5600లో సగం. పీసీఐఈ కూడా 3.0 దగ్గరే ఆగిపోతుంది. అలాగే ఇంటెల్ వైపు 12400ఎఫ్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. కార్డు ఎలాగూ ఉంటుంది కాబట్టి ఎఫ్ తీసుకుంటే డబ్బు మిగులుతుంది. అది కూడా 5600తో సమానంగా పరిగెత్తే ప్రాసెసరే. బోర్డుతో కలిపి ఏది తక్కువకి వస్తే అది తీసుకో, బ్రాండు పట్టింపు వద్దు.

ఏఎం5_అభిమాని | 13 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:15

అందరూ కలిసి కుర్రాడి చేత పాత సామాను కొనిపిస్తున్నారు. ఏఎం4 (5600 కూర్చునే సాకెట్) కథ అయిపోయింది. కొత్త ఏఎం5 సాకెట్‌ది రైజెన్ 7600, డీడీఆర్5 ర్యామ్ తీసుకుంటే రేపు ప్రాసెసర్ మార్చుకోవచ్చు.

బాటిల్‌నెక్_బాబాయ్ | 13 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:02

తీసుకోవచ్చు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపితే ఇంకో 14-15 వేలు పడుతుంది. అవి ఎక్కడినుంచి తేవాలి? కార్డులోంచే కదా. మళ్లీ 3050కే వస్తాం. నాలుగేళ్ల తర్వాత మార్చుకోబోయే ప్రాసెసర్ కోసం ఈ నాలుగేళ్లూ తక్కువ ఫ్రేమ్స్‌తో ఆడమంటావా? ఏఎం4లో కూడా దారి మూసుకుపోలేదు. 5700ఎక్స్3డీకి 96 ఎంబీ క్యాష్ ఉంది, రేపు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇదే బోర్డులో కూర్చుంటుంది.

లక్ష పైన బడ్జెట్ ఉన్నవాళ్లకి మాత్రం నీ మాటే కరెక్ట్.

బ్లెండర్_పిల్ల | 13 ఫిబ్రవరి, సాయంత్రం 6:20

ఒక్క మాట అడగనా? తమ్ముడూ, కాలేజీలో త్రీడీ గానీ, మెషీన్ లెర్నింగ్ గానీ చేస్తావా? నేను ఆర్కిటెక్చర్. ఇక్కడి సలహానే విని ఏఎండీ కార్డు కొన్నా, గేమ్స్ సూపర్. కానీ బ్లెండర్‌లో రెండర్ పెడితే, నా క్లాస్‌మేట్ ఎన్‌విడియా కార్డు టీ తాగి వచ్చేలోపు ముగిస్తే, నాది భోజనం చేసి వచ్చినా నడుస్తూనే ఉండేది. CUDA (ఎన్‌విడియా కార్డుల మీదే నడిచే సాంకేతికత) కావాల్సిన పనైతే చాలా సాఫ్ట్‌వేర్లు ఏఎండీ వైపు చూడవు. అలాంటి పనుంటే 3060 12 జీబీ మంచి కండిషన్‌లో సెకండ్ హ్యాండ్ చూసుకో.

ఖమ్మం_కుర్రాడు | 13 ఫిబ్రవరి, రాత్రి 8:05

లేదక్కా, నాది మెకానికల్. కాలేజీ ల్యాబ్‌లో చేసేది కాలేజీ ల్యాబ్‌లోనే. ఇంట్లో గేమ్సే. (ఇది నాన్నకి చెప్పకండి.)

సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఆన్‌లైన్‌లో ఒకాయన ఆర్ఎక్స్ 580 8 జీబీ 6 వేలకి ఇస్తానంటున్నాడు. ఇంకో 14 వేలు మిగులుతాయి కదా?

గుంటూరు_గ్రాఫిక్స్ | 13 ఫిబ్రవరి, రాత్రి 8:22

ఆగు ఆగు ఆగు. నేను ఆ బావిలో పడి లేచినవాణ్ని.

2022 సెప్టెంబర్‌లో ఈథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో సంపాదించడం) ఆగిపోయాక కార్డులు కుప్పలుగా సంతకొచ్చాయి. నేను తీసుకున్నది ఫొటోలో కొత్తదానిలా తళతళలాడింది. ఇంటికొచ్చి జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచా. షేడర్స్ (కార్డు లోపలి కోర్లు) దగ్గర 2304 ఉండాలి, 2048 ఉంది. ఆర్ఎక్స్ 580 2048ఎస్‌పీ అని వేరే రకం అది. డబ్బా మీద 580 అనే ఉంటుంది, నడిచేది 570లా. ఫోన్ చేస్తే "మీరు చూసుకునే కదా తీసుకున్నారు" అన్నాడు. నిజమే, లైట్లు చూసుకున్నా.

అసలు 580 అయినా ఇప్పుడు వద్దు, పాతబడిపోయింది. సెకండ్ హ్యాండ్ కొనాలంటే 6600, 3060 లాంటివి, బిల్లుతో, వారంటీ మిగిలున్నవి. అమ్మేవాళ్లింటికే వెళ్లు. వాళ్ల కంప్యూటర్‌లోనే జీపీయూ-జెడ్ తెరిచి చూడు, తర్వాత కార్డుకి పూర్తి పని పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ పావుగంట నడిపించు. వేడి 85 దాటి పోతోందా, తెర మీద రంగు చుక్కలు కనిపిస్తున్నాయా, ఫ్యాన్ కరకరమంటోందా చూడు. వెనక స్క్రూల మీద స్టిక్కర్ చిరిగి ఉంటే ఎందుకు విప్పావని అడుగు. పేస్టు మార్చానంటే తప్పు కాదు, తడబడితే లేచి వచ్చెయ్. కొరియర్‌లో పంపుతా, ముందు డబ్బు వెయ్యి అంటే మాట్లాడే పనే లేదు.

ఫ్రేమ్స్_పిచ్చి | 13 ఫిబ్రవరి, రాత్రి 8:40

చైనా జియాన్ ప్రాసెసర్, ఎక్స్99 బోర్డు కాంబోలు కూడా చూశా. కోర్లేమో బోలెడు, రేటేమో చవక!

కర్నూలు_కరెంట్ | 13 ఫిబ్రవరి, రాత్రి 8:47

పదేళ్ల కిందటి సర్వర్ ప్రాసెసర్లు అవి. కోర్లు ఎక్కువే, ఒక్కో కోరు నిదానం. గేమ్స్‌కి కావలసింది దానికి తిరగేసి. బోర్డు పోతే ఎవర్ని అడుగుతావ్? వదిలెయ్.

డల్లాస్_బావ | 13 ఫిబ్రవరి, రాత్రి 10:58

ఇక్కడ మా డల్లాస్ ఏరియాలో మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ షాపు ఉంది. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి కాంబోలు పెడతారు, రేట్లు చూస్తే నోరూరుతుంది. ఇండియా వెళ్లే ప్రతిసారీ ఎవరో ఒకరు "బావా, ఒక కార్డు పట్రా" అంటారు. రెండుసార్లు తెచ్చా, ఇక మానేశా. రేటు మీద ఇక్కడి సేల్స్ టాక్స్ 8.25 శాతం పడుతుంది. నేను తెచ్చినప్పుడు అక్కడ దిగాక కస్టమ్స్‌లో 50 వేల వరకే మినహాయింపు ఉండేది, అందులో నా సామాన్లు కూడా లెక్కే. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి వారంటీ. తెచ్చిచ్చిన కార్డొకటి ఏడాదిలోపే పోయింది. అక్కడి సర్వీస్ సెంటర్లో అమెరికా బిల్లు చెల్లదన్నారు. మా పెద్దమ్మ కొడుకు ఇప్పటికీ పండక్కి సరిగ్గా మాట్లాడడు. 20 వేల కార్డుకి ఇదంతా ఎందుకు, అక్కడే కొనుక్కో తమ్ముడూ.

ఏఎం5_అభిమాని | 13 ఫిబ్రవరి, రాత్రి 11:30

ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చింది కదా, పాతవాటి రేట్లు పడతాయి, ఆగొచ్చు కదా?

సీటీసీ_రెగ్యులర్ | 14 ఫిబ్రవరి, ఉదయం 6:50

వచ్చినవి పెద్దకార్డులు. వాటి రేటుకి ఇలాంటివి దాదాపు రెండు నుంచి నాలుగు కంప్యూటర్లు వస్తాయి. మన రేంజ్‌లో ఏం వస్తుందో, ఎప్పుడొస్తుందో చూస్తూ కూర్చుంటే నాన్నగారి 70 వేలు ఇంకేదో ఖర్చుకి పోతాయి.

ఖమ్మం తమ్ముడూ, ఆదివారం కాకుండా రేపు శనివారమే సికింద్రాబాద్ రా. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. ప్యారడైజ్ దగ్గర సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్. మొదటి షాపులోనే కొనకు. మూడు నాలుగు చోట్ల ఇదే లిస్టు చూపించి, ప్రతి వస్తువు పక్కనా మోడల్ నంబరుతో రేటు రాయించుకో. "మొత్తం ఎంతకిస్తావ్" అని అడిగితే ఏదో ఒకటి మార్చి మొత్తం తగ్గించి చూపిస్తారు. జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకో. బిల్లు లేకుండా 18 శాతం తగ్గిస్తామంటారు, ఆ తగ్గింపు పోయేది నీ వారంటీలోంచే.

అసెంబ్లీ అక్కడే చేయించుకుంటే, రైల్లో తీసుకెళ్లేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు మాత్రం స్లాట్‌లోంచి తీయించి దాని డబ్బాలోనే పెట్టుకో. కుదుపులకి ఆ బరువు వేలాడి స్లాట్ విరగ్గొట్టుకున్నవాళ్లని చూశా.

ఖమ్మం_కుర్రాడు | 17 ఫిబ్రవరి, రాత్రి 11:10

కొన్నా!!! శనివారం పొద్దున బండెక్కి, రాత్రి శాతవాహనలో దిగా. ఒడిలో కార్డు డబ్బా, కాళ్ల మధ్య క్యాబినెట్. పక్క సీటు పెద్దాయన "మిక్సీనా బాబూ" అన్నారు.

అసలు బిల్లు: 5600కి 11,400. బోర్డు 8,100. ర్యామ్ 3,450. ఎస్ఎస్‌డీ 5,200. 6600కి 20,600. ఎస్ఎంపీఎస్ 4,250, ఐదేళ్ల వారంటీ. ముందు జాలీ, మూడు ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్ 3,300. మొత్తం 56,300. మానిటర్ 24 అంగుళాలు, 180 హెర్ట్జ్, 10,500. కర్నూలు అన్న కథ గుర్తొచ్చి 600 వీఏ యూపీఎస్ 2,900కి తీసుకున్నా. 69,700. మిగిలిన 300కి బిర్యానీ తిన్నా, చేతిలోంచి ఇంకో 40 పడ్డాయి.

ఇప్పుడు బాధ. ఇంట్లో నేనే వీడియోలు చూసి బిగించా. అరగంట డిస్‌ప్లే రాలేదు, చెమటలు పట్టాయి. తీరా చూస్తే హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకి పెట్టా, కార్డుకి కాదు. అది సరే. కానీ వాలరెంట్‌లో 150 కూడా రావట్లేదు. తెర కూడా మా కాలేజీ ల్యాబ్‌లో లాగే ఉంది, 180 హెర్ట్జ్ స్మూత్‌నెస్ ఏం తెలియట్లేదు. షాపాయన చెప్పిందే నిజమైందా అని భయంగా ఉంది.

బాటిల్‌నెక్_బాబాయ్ | 17 ఫిబ్రవరి, రాత్రి 11:18

భయపడకు. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కు. స్పీడ్ ఎంతుంది? ర్యామ్ స్టిక్కులు ఏ స్లాట్లలో పెట్టావ్?

ఖమ్మం_కుర్రాడు | 17 ఫిబ్రవరి, రాత్రి 11:23

2400 చూపిస్తోంది. ప్రాసెసర్ పక్కనున్న మొదటి రెండు స్లాట్లలో పెట్టా, పక్కపక్కన. తప్పా?

బాటిల్‌నెక్_బాబాయ్ | 17 ఫిబ్రవరి, రాత్రి 11:29

దొరికింది. ఆఫ్ చేసి, కరెంటు తీసి, స్టిక్కుల్ని ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు స్లాట్లలోకి మార్చు. నువ్వు పెట్టినట్టు పెడితే రెండూ ఒకే దారిలో నడుస్తాయి. రెండు స్టిక్కులు కొనమన్నదే రెండు దారులు తెరుచుకోవాలని. తర్వాత ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్లి, ఎక్స్ఎంపీ ఆన్ చేసి సేవ్ చెయ్. 3200 అని డబ్బా మీద ఉన్నా, అది ఆన్ చేసేదాకా ర్యామ్ ఆ స్పీడు ఎక్కదు.

తెర సంగతి: విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్తే 60 హెర్ట్జ్ అని ఉంటుంది, 180కి మార్చు. ఎంతమంది 60లోనే ఏళ్లు గడిపేశారో!

ఖమ్మం_కుర్రాడు | 18 ఫిబ్రవరి, రాత్రి 12:14

బాబాయ్!!! వాలరెంట్ 260, ఒక్కోచోట 300 దాటుతోంది. మౌస్ కదిపితేనే వేరేలా ఉంది.

కానీ ఒక డౌట్. సీపీయూ-జెడ్‌లో ర్యామ్ 1600 అని చూపిస్తోంది. సగం స్పీడుది అంటగట్టారా?

సీటీసీ_రెగ్యులర్ | 18 ఫిబ్రవరి, ఉదయం 6:40

😀 నెలకి ఒకరైనా ఇది అడుగుతారు. డీడీఆర్‌లో మొదటి డీ అంటే డబుల్. ఒక్కో క్లాక్ టిక్కుకి రెండుసార్లు డేటా పోతుంది. 1600 రెండ్లు 3200. పడుకో.

ఖమ్మం_కుర్రాడు | 23 ఫిబ్రవరి, సాయంత్రం 7:30

వారం ఆడాక చెప్తున్నా. ఫోర్జా 1080పీ హైలో 90 పైన. జీటీఏ 5 వంద దాటే ఉంటుంది. సైబర్‌పంక్ హైలో, రే ట్రేసింగ్ లేకుండా 60 అటూ ఇటూ, రద్దీ ఉన్న మార్కెట్‌లోకి వెళ్తే 50కి దిగుతోంది. ఎఫ్ఎస్ఆర్ (బొమ్మని చిన్నగా గీసి పెద్దది చేసే సెట్టింగ్) క్వాలిటీలో పెడితే మళ్లీ లేస్తోంది, వానలో నియాన్ బోర్డులు కాస్త మసకగా కనిపిస్తాయంతే. డబ్బా కూలర్‌తో ప్రాసెసర్ 75 డిగ్రీలు. మేలో ఏమవుతుందో చూడాలి. నిన్న కరెంటు పోయింది, యూపీఎస్ కూసింది, నేను మ్యాచ్ ఓడిపోయా, కంప్యూటర్ మాత్రం బతికింది.

ఆ షాపాయన రోడ్డు మీద కనిపించి "ఏం తీసుకున్నావ్" అన్నాడు. చెప్పా. "6600 నా దగ్గర కూడా ఉంది, అడగొచ్చు కదా" అన్నాడు!

నిర్వాహకుడు | 24 ఫిబ్రవరి, ఉదయం 10:00

మంచి చర్చ. పైన పిన్ చేస్తున్నా.

నెల్లూరు_న్యూబీ | 14 డిసెంబర్ 2025, సాయంత్రం 5:15

పాత చర్చని లేపుతున్నందుకు క్షమించండి. ఇదే లిస్టు పట్టుకుని షాపుకెళ్తే నవ్వారు. ర్యామ్ రేటు రెట్టింపు దాటింది, ఎస్ఎస్‌డీ కూడా పెరిగిందంటున్నారు. నిజమేనా, నన్ను ఆడిస్తున్నారా?

సీటీసీ_రెగ్యులర్ | 14 డిసెంబర్, రాత్రి 8:20

నిజమే. ఏఐ డేటా సెంటర్లకే మెమరీ అంతా పోతోంది, మనకి మిగిలేది తక్కువ. ఈ నెలే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు మామూలు కొనుగోలుదారుల వ్యాపారం మూసేస్తున్నట్టు చెప్పింది. తొందర్లో దిగేలా లేదు.

కాబట్టి ఈసారి కత్తెర వేరేచోట పెట్టాలి. ఇంట్లోగానీ, తెలిసినవాళ్ల దగ్గరగానీ 2017 తర్వాతి డెస్క్‌టాప్ పాడై మూలన పడుంటే తీసి చూడు, డీడీఆర్4 స్టిక్కులు ఉండొచ్చు. ర్యామ్ అంత తేలిగ్గా చావదు, సెకండ్ హ్యాండ్‌లో నేను భయం లేకుండా కొనే వస్తువు అదొక్కటే. డీడీఆర్3 అయితే గాడి వేరేచోట ఉంటుంది, ఎక్కదు, బలంగా నొక్కకు. ల్యాప్‌టాప్‌ది కూడా పట్టదు. ఎస్ఎస్‌డీ 1 టీబీ బదులు 500 జీబీతో మొదలుపెట్టి, పాత హార్డ్ డిస్క్‌లో సినిమాలు, ఫొటోలు వేసుకో. కార్డు మీద మాత్రం కత్తెర పెట్టకు.

ఏఎం5_అభిమాని | 14 డిసెంబర్, రాత్రి 9:05

ఫిబ్రవరిలో డీడీఆర్5 తీసుకోమన్నది నేనే. అప్పుడే తీసుకుని ఉంటే ఇప్పుడు ర్యామ్ అమ్ముకుని గోవా వెళ్లొచ్చేవాడు. రికార్డు కోసం చెప్తున్నా.

బాటిల్‌నెక్_బాబాయ్ | 14 డిసెంబర్, రాత్రి 9:11

ఒప్పుకున్నాం నాయనా, ఆ ఒక్క విషయంలో గెలిచావ్.

ఖమ్మం_కుర్రాడు | 14 డిసెంబర్, రాత్రి 10:02

నెల్లూరు తమ్ముడూ, నీకు షాపులో రాసిచ్చిన కొటేషన్ ఉందా? కార్డు పక్కన ఎన్ని జీబీ అని రాశారు? ర్యామ్ ఒక్క స్టిక్కా, రెండా?

నెల్లూరు_న్యూబీ | 14 డిసెంబర్, రాత్రి 10:09

ఉత్త 3050 అని ఉందన్నా. ర్యామ్ ఒక్కటే. ఫ్యాన్లు మాత్రం తొమ్మిది.